గోడకు ఎన్ని డోసులు?

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఎండాకాలంలో సూరత్ మగ్గాలు సగం మూతపడ్డాయి. ఆ ఊరి డిండోలి పేటలో మా ఇంటిని నడిపింది నా భార్య జిగురు సీసానే. మార్కెట్ నుంచి చీరలు తెచ్చి, మెరుపురాళ్లు అంటించి తిరిగి ఇచ్చేది. మగ్గం పని పోయిన నేను ఆ చీరలు మడతపెట్టే ఉద్యోగంలో చేరాను. యజమానురాలు రోజూ తిట్టేది కానీ పనిలోంచి తీసెయ్యలేదు.

చీరల కట్టలు పెట్టుకోవడానికి పడమటి గోడ వార తప్ప ఇంట్లో చోటు లేదు. కిందటి వానాకాలం ఆ గోడకు బయటి ప్లాస్టర్ ఉబ్బిపోయి, లోపలికి చెమ్మ దిగి, చీరలకు మరకలు పడ్డాయి. మళ్లీ ఒక్క మరక కనబడితే పని బంద్ అని చీరలిచ్చే మార్కెట్ సేఠ్ తేల్చి చెప్పాడు. వానలు దిగేలోపు గోడ బాగుపడాలి. మేస్త్రీ చూస్తే ఎప్పుడో సొంతూరి రైలెక్కేశాడు. మిగిలింది నేనూ, మా బావా. బావంటే నా భార్యకు అన్న. ఆయనదీ మగ్గమే, ఆయనా ఖాళీయే.

పాత ప్లాస్టర్ ఊడగొట్టి ఇటుకలు బయటపెట్టాక పంచాయితీ మొదలైంది.

"ఒక్క కోటింగ్ చాలు బావా, మందంగ ఏసేద్దాం," అన్నాను.

"ఒక్కటా? మనుషులనే రెండు మాస్కులు పెట్టుకొమ్మంటున్నరు. గోడకు మూడు కొట్టాలె."

"మూడు కొడితే ఇల్లు పోయి రోడ్డు మీద నిలబడ్తది."

గడపలో రాళ్లు అంటిస్తున్న నా భార్య తలెత్తకుండానే తీర్పు చెప్పింది. "రెండు. టీకా లెక్క. ఒకటి ఏసి, జర ఆగి, ఇంకోటి."

నేను బడి మానేసిందే లెక్కల దగ్గర కాబట్టి, రెండంటే సరే అన్నాను.

మొదటి పూత వేశాం. ఇక్కడే మా మగ్గం బుద్ధి అడ్డం వచ్చింది. గుడ్డలో ఎక్కడైనా వేలికి గరుకు తగిలితే మగ్గాల సేఠ్ దాన్ని డ్యామేజీలో వేసి కూలి కోస్తాడు. ఏళ్ల తరబడి ఆ భయంతో బతికిన చేతులు గోడను మాత్రం ఊరికే వదులుతాయా? తడి గుడ్డతో రుద్ది రుద్ది పట్టులా చేశాం. బావ అరచేత్తో నిమిరి, "దీన్ని కట్టుకొని పెండ్లికి పోవచ్చు రా," అని మురిసిపోయాడు.

నీళ్లు కొడుతూ ఆరనిచ్చి, రెండో పూత వేసి, చాయ్ తాగడానికి కూర్చున్నాం. కప్పు సగం కాకముందే ఆ పూత భుజం మీది కొంగులా మెల్లగా జారి బావ పాదాల మీద కూలబడింది.

నా భార్య లేచి వచ్చి, మిగిలిన గోడ మీద గోరుతో గీసి చూసింది.

"ఇంత నున్నగ ఎవలు చేయమన్నరు?"

"డ్యామేజ్ రావద్దని..." అన్నాడు బావ, కాళ్లు దులుపుకుంటూ.

"అన్నా, నున్నటి బట్ట మీద నా రాయే నిలవది. జర గీకి జిగురు పెడ్త. గంత బరువు సిమెంట్ ఏం జూసి పట్టుకుంటది?"

మగ్గం మీద పోగులను విడదీసే ఇనుప పన్నె, విరిగిందొకటి, బావ ఇంట్లో ఉంది. దువ్వెనలా సన్నటి పళ్లుంటాయి. దానితో గోడంతా గీరాం. పసిబిడ్డను గిల్లుతున్నట్టు బావ మొహం తిప్పుకుని గీరాడు. మళ్లీ రెండో పూత వేశాం. ఈసారి చాయ్ చల్లారినా కదల్లేదు.

"మూడోది?" అని ఆశగా అడిగాడు బావ.

"బూస్టర్ ఇంకా రాలేదు, ఇంటికి పో," అన్నాను.

కొన్నాళ్లకు తొలి వాన ఓ సాయంత్రం మొదలై తెల్లారేదాకా కొట్టింది. నా భార్య చీరలన్నీ మంచం మీదికి ఎక్కించి, నన్ను నేల మీదికి దింపి, పెట్టెలోంచి నా పెండ్లి అంగీ తీసి పడమటి గోడకు ఆనించి పరిచింది.

"అదెందుకే?"

"నీ పనితనం నీ అంగీ మీదనే జూస్త. గది తడ్వకుంటెనే నా చీరలు దించుత."

పొద్దున్న అంగీని వెలుతురుకు పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. చెంపకు ఆనించింది. వాసన చూసింది. నేను పరీక్ష ఫలితాల కోసం జీవితంలో మొదటిసారి ఊపిరి బిగబట్టాను. ఆమె చీరల కట్టలను ఒక్కొక్కటే దించి గోడ వారకు చేర్చింది. ఆఖరి కట్ట సర్దాక అంగీని నా మీదికి విసిరింది.

"గోడ మంచిగున్నది. అంగీనే ఉతకాలె."