కమలమ్మ గారు కొట్టిన పేరు

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఫిజిక్సు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే, ఆ ఇంట్లో వైరింగు ఎలా ఉందని అడిగే రకం. ఇప్పుడు చెప్పబోయే సంగతి మా ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు. భయపడి కాదు, సిగ్గుపడి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, రాజమండ్రిలో నాకూ, పెళ్ళి వీడియోలు తీసే ప్రసాదుకూ ఒకటే పిచ్చి. ఎనభైల నాటి ఇంటి కంప్యూటర్ ఒకటి మా దగ్గర ఉండేది. చూడటానికి ఒట్టి కీబోర్డు. టీవీకి తగిలించి, టేప్ రికార్డరులో క్యాసెట్ పెట్టి ప్రోగ్రాములు ఎక్కించాలి. దాన్ని బతికించడానికి మేం పడని పాట్లు లేవు. పాడైన మిషన్లు ఎక్కడ దొరికినా చిప్పులు పీక్కొచ్చేవాళ్ళం. వానాకాలంలో చెమ్మ పట్టకుండా మా బియ్యం డబ్బాలో దాచేవాణ్ణి. వంటకి బియ్యం తీసినప్పుడల్లా మా ఆవిడ నన్ను దులిపేసేది.

ఆ కంప్యూటర్ దానవాయిపేటలో ఉండే కమలమ్మ గారిది. ఆవిడ భర్త మోజుపడి కొనుక్కున్నారు. ఆయన పోయాక పాత సామాన్లవాడికి వెయ్యడానికి మనసొప్పక మాకిచ్చారు. ఆయన రాసిన చిన్న ప్రోగ్రాం కూడా ఒక క్యాసెట్‌లో ఉంది. మన పేరు కొడితే, ఆ పేరు పెట్టి పిలిచి, ఇంగ్లీషు అక్షరాల్లో "భోంచేశావా?" అని అడుగుతుంది. అంతే.

అది నడుస్తుంటే ఒక్కసారి చూడాలని ఉందని, ఆదివారం మధ్యాహ్నం వస్తానని ఆవిడ కబురుపెట్టారు. సరిగ్గా ఆ వారమే అందులో ముఖ్యమైన చిప్పు కాలిపోయింది. ఆ మాట ఆవిడకి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ప్రసాదు ఉపాయం చెప్పాడు. మిషను బాగున్న రోజుల్లో తెర మీద కనిపించేదంతా వీసీఆర్‌లో రికార్డు చేసి ఉంచాడు. ఆ టేపు వేస్తే నడుస్తున్నట్టే ఉంటుంది.

"ముట్టుకుంటే షాకు కొడుతుందండీ అని దూరంగా కూర్చోబెడదాం మాస్టారూ," అన్నాడు.

సరేనన్నాను.

ఆవిడ పట్టుచీర కట్టుకుని వచ్చారు. ప్రసాదు బల్ల వెనక వీసీఆర్ దగ్గర కూర్చుంటూ ఉండగానే, ఆవిడ కుర్చీ లాక్కుని ఒక్క వేలితో కీలు నొక్కడం మొదలుపెట్టారు. షాకు కొడుతుందని చెప్పే వ్యవధే ఇవ్వలేదు.

తెర మీద ఒక్కో అక్షరమే పడింది. కమల. ఆ కింద, కమలా భోంచేశావా?

"ఆఁ, తిన్నానండీ," అన్నారావిడ తెరతో. పక్కన మేమున్నామన్న ధ్యాసే లేదు.

ప్రసాదు మొహం పాలిపోయింది. వాడి వేలు ప్లే బటన్ మీదే ఉంది, ఇంకా నొక్కలేదు. టీవీ వైరు వీసీఆర్‌కే ఉంది. కంప్యూటర్ వైరు బల్ల మీద ఊరికే పడి ఉంది. కాలిపోయిన చిప్పు పొద్దున్నే ఊడదీశాను. తడిమి చూసుకుంటే నా చొక్కా జేబులోనే తగిలింది. ఆవిడ వెళ్ళాక టేపంతా వేసి చూశాం. అందులో ప్రసాదు పేరు తప్ప మరో పేరు లేదు.

వెళ్ళేముందు అంత పెద్దావిడ మా ఇద్దరికీ దణ్ణం పెట్టారు.

"కన్నబిడ్డలా చూసుకుంటున్నారు బాబూ. ఆయన ఉంటే ఎంత సంతోషించేవారో!"

ఆవిడ మొహం చూడలేక, వైర్లు సర్దుతున్నట్టు కిందికి వంగాను. చెవులు కాలిపోయాయి. అంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు.

తర్వాత కొత్త చిప్పు వేశాం, బోర్డంతా శుభ్రం చేశాం, తెలిసినవాళ్ళందరినీ అడిగాం. మిషను మళ్ళీ పలకలేదు. ఆ రోజు ఎలా పలికిందో నా చదువుకి అందలేదు. ముగ్గురం ఒకేసారి భ్రమపడ్డామని నాకు నేను సర్దిచెప్పుకోబోతాను, కుదరదు.

బజార్లో ఎదురుపడితే కమలమ్మ గారు నా యోగక్షేమాల కన్నా ముందు దాని సంగతే అడుగుతారు.

"కంప్యూటర్ కులాసాయేనా బాబూ?"

"బాగుందండీ," అంటాను. ఇప్పటికీ అదే అంటున్నాను.