అమ్మ పేరున పడిన ఓట్లు

డిగ్రీలో పొలిటికల్ సైన్స్ తీసుకున్నానంటే మా లాలాగూడ గల్లీలో అందరూ ఒకటే మాట అన్నారు. "మంచిగైంది. అల్కగ పాసైపోతవ్." నేనూ అదే నమ్మాను. ఇంటర్‌లో లెక్కలు నన్ను బాగా ఏడిపించాయి. ఆర్ట్స్ అంటే పరీక్షల ముందు గైడు కొనుక్కుని చదవడం, మూడేళ్లు గడిపేసి పట్టా పట్టుకుని బయటపడడం అనుకున్నాను.

కాలేజీలో మొదటి రోజే ఆ భ్రమ వదిలింది. మా పొలిటికల్ సైన్స్ మేడమ్ క్లాసులోకి వచ్చి, పాఠమేమీ మొదలుపెట్టకుండా, డిగ్రీ చేతికి రావాలంటే ఏమేం పూర్తిచేయాలో బోర్డు మీద రాసుకుంటూ పోయింది. ప్రతి సెమిస్టర్‌కూ రాజనీతి శాస్త్రం పేపర్లు, రాజ్యాంగం దగ్గర్నుంచి అంతర్జాతీయ సంబంధాల దాకా. వాటికి తోడు చరిత్ర, ఎకనామిక్స్. ఇంగ్లీషు, తెలుగు. పర్యావరణం. స్కిల్ కోర్సులు. ఇంటర్నల్స్, అసైన్‌మెంట్లు. అన్నింటికీ క్రెడిట్లు. హాజరు తగ్గితే పరీక్షకే కూర్చోనివ్వరు. బోర్డు నిండిపోయాక అడుగున, కాస్త ఖాళీ చూసుకుని, "ప్రాజెక్టు, వైవా" అని రాసి కింద గీత గీసింది.

"ఇందులో ఒక్కటి మిగిలినా పట్టా ఇవ్వరు. ఇప్పుడే చెబుతున్నాను, చివర్లో నా దగ్గరికొచ్చి ఏడవద్దు," అంది.

పక్కనున్న అమ్మాయి నా మోచెయ్యి పొడిచి, "ఏందే ఇది? ఇంజనీరింగ్‌ల సుత గింత ఉండదు గదా," అని గొణిగింది.

పడుతూ లేస్తూ ఆఖరి సెమిస్టర్ దాకా వచ్చాను. ఒక్క పేపరూ మిగల్లేదు. ఇక ప్రాజెక్టు ఒక్కటే. మేడమ్ ఒక్కొక్కరినీ పిలిచి విషయం ఇచ్చింది. నా వంతు వచ్చేసరికి, "మీ డివిజన్‌లో కార్పొరేటర్ ఎన్నికల్లో నిలబడిన ఒక మహిళను కలువు. గెలిచినవాళ్ల దగ్గరికి వెళ్లకు, వాళ్లు ఏం చెబుతారో అందరికీ తెలుసు. ఓడిపోయినావిడతో మాట్లాడు," అంది.

ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను. బెండకాయలు తరుగుతున్న అమ్మ తలెత్తకుండానే, "ఓడినోళ్లతోని ఏం మాట్లాడతవ్? వేరేది అడుగు మీ మేడమ్‌ను," అంది. ఓడినవాళ్లను కదిలిస్తే బాధపడతారని అంటోందనుకున్నాను.

మా ఇంటికి రెండు గల్లీల అవతల ఒక పెద్దావిడ ఉంటుంది. కోస్తా వైపు నుంచి పెళ్లయ్యాక ఇక్కడికొచ్చిన మనిషి. భర్త పోయాక ఇంట్లోనే ఆడపిల్లలకు కుట్టు నేర్పుతూ బతికింది. చిన్నా పెద్దా అందరికీ ఆమె కుట్టు టీచరమ్మ. మా వైపు కుళాయిల్లో మురికినీళ్లు వచ్చే రోజుల్లో, ఆడవాళ్లను కూడగట్టి నీళ్ల ఆఫీసు ముందు కూర్చుని కొత్త పైపులు వేయించింది ఆమేనని, ఆ తర్వాతే స్వతంత్రంగా ఎన్నికల్లో నిలబడిందని కిరాణా షాపతను చెప్పాడు. ఒక ఆదివారం పొద్దున వెళ్లి తలుపు కొట్టాను.

ఆమె సంతోషంగానే కూర్చోబెట్టింది. కళ్లద్దాలు తుడుచుకుని, చీర కొంగు సరిచేసుకుని, "అడుగమ్మా," అంది. నేను ఫోన్‌లో రికార్డింగ్ పెట్టాను.

"ముందు మీ పూర్తి పేరు చెప్పండి, టీచరమ్మా."

ఆమె చెప్పింది. నాకు నవ్వొచ్చింది. "అరే, మా అమ్మ పేరు కూడా ఇదే!"

ఆమె నవ్వలేదు. నా ముఖంలోకి చూసింది, ఎవరినో వెతుకుతున్నట్టు.

"మీ నాన్న రైల్వే వర్క్‌షాపులో చేస్తారా?"

"అవును."

"మసీదు పక్క గల్లీ? మేడ మీద రేకుల గది ఉన్న ఇల్లు?"

"అవును. మీకు మా ఇల్లు తెలుసా?"

ఆమె లేచి కిటికీ రెక్క దగ్గరికి వేసింది. ఎక్కడో కుక్కర్ కూత వేసింది. వచ్చి కూర్చుంటూ, "నీకేమీ చెప్పలేదన్నమాట," అంది.

"ఏంటి టీచరమ్మా?"

"ఆ ఎన్నికల్లో నేను ఓడింది నా పేరు చేతుల్లోనే అమ్మాయ్. నా పేరుతోనే ఇంకొకావిడ నిలబడింది. ఇంటిపేరు మొదటి అక్షరం కూడా ఒకటే. నాది కుట్టు మిషన్ గుర్తు, ఆవిడది అల్మారా. ఆవిడ ఒక్క గడప తొక్కలేదు, ఒక్క మీటింగు పెట్టలేదు. అయినా వందల ఓట్లు పడ్డాయి. నన్ను ఎరిగిన ముసలివాళ్లు, చదువు సరిగా రానివాళ్లు, పేరు చూసి నాకనుకుని దానికి నొక్కారు. నేను ఓడిన తేడా అంతకన్నా తక్కువ."

"ఎవరు ఆమె?" అని అడిగాను. అడుగుతుండగానే నాకు తెలిసిపోయింది. అయినా ఆమె నోటితో వినేదాకా నమ్మబుద్ధి కాలేదు.

"మీ అమ్మే," అంది టీచరమ్మ.

మా అమ్మ ఎన్నికల్లో నిలబడిందా? బ్యాంకుకు వెళ్లినా కౌంటర్ దగ్గర నన్ను ముందుకు తోసి వెనక నిలబడే మా అమ్మ? రికార్డింగ్ ఆపేసి లేచాను. టీచరమ్మ గుమ్మం దాకా వచ్చి, "అమ్మను కోప్పడకు. ఆవిడకు అప్పుడు ఏం తెలుసో ఏం తెలీదో," అంది. ఎలా ఇల్లు చేరానో ఇప్పటికీ గుర్తులేదు.

అమ్మ డాబా మీద బట్టలు ఆరేస్తోంది. నేను మెట్లెక్కి ఎదురుగా నిలబడ్డాను.

"అమ్మా, నువ్వు ఓట్లల్ల నిలబడ్డవా?"

ఆమె చేతిలోని తడి దుప్పటి అలాగే ఉండిపోయింది. నీళ్లు కారి ఆమె కాళ్లు తడుస్తున్నాయి. కాదంటుందని, నవ్వి కొట్టిపారేస్తుందని ఆ క్షణం దాకా నాకు ఆశ.

"ఎవరు జెప్పిండ్రు?"

"టీచరమ్మ."

అమ్మ దుప్పటిని బకెట్లో వదిలేసి పిట్టగోడకు ఆనుకుంది. "మీ నాయన దోస్తు ఒకాయన ఉండె. టీచరమ్మ మీద నిలబడ్డ పార్టీకి గల్లీ లీడర్. ఒకరోజు ఇంటికొచ్చి, ఆడోళ్ల సంఘం పని, వదినమ్మ ఒక సంతకం జెయ్యాలె అన్నడు. ఆఫీసుకు తీస్కపోయిండ్రు. ఏవో చదువుమన్నరు, చదివిన. సంతకం పెట్టిన. దేనికని మీ నాయన్ను అడిగితే, నీకెందుకు, ఊకో అన్నడు."

"తర్వాతైనా తెలువలేదా?"

"ఆ ఆఫీసు గోడ మీది లిస్టుల నా పేరున్నదని ఎవరో జెప్పిండ్రు. నవ్విండ్రు. నాకైతే ఏం సమజ్ గాలె. ఓట్ల దినం మిషన్ ముంగట నిలబడ్డంక చూసిన. ఆమె పేరు, కింద నా పేరు. రెండూ ఒకటే. అప్పుడు ఎరకైంది బిడ్డా, గిది దేనికో."

"నాయన ఎందుకు చేసిండు అట్ల?"

ఆమె చెప్పకపోయినా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

"నీ స్కూల్ సీటు. ఎల్‌కేజీల ఎంత తిరిగినా దొరకలె. ఆ దోస్తు ఒక్క మాట జెప్తె దొరికింది."

నేను చదివిన ఇంగ్లీషు మీడియం స్కూలు అది. నీలం గౌను వేసుకుని నాన్న స్కూటర్ ముందు నిలబడి రోజూ వెళ్లిన స్కూలు. మా గల్లీలో ఇంకెవరికీ రాని సీటు నాకొచ్చిందని, నా తెలివి చూసి ఇచ్చారని నాన్న పదిమందికీ చెప్పేవాడు. నేనూ నమ్మాను. అక్కడే, ఆరబెట్టిన బట్టల మధ్యే, కింద కూర్చుండిపోయాను.

సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి వచ్చి, టీ తాగుతుంటే అడిగాను. ముందు ఆయన అమ్మ వైపు చూశాడు. తర్వాత గ్లాసు కింద పెట్టాడు.

"గిప్పుడెందుకు అవన్నీ? ఎన్నడో అయిపోయిన ముచ్చట."

"టీచరమ్మ ఓడిపోయింది నాయనా."

"నేనొక్కణ్నే చేసిన్నా? అందరు చేసేదే. అయినా తప్పేముంది? ఒకే పేరున్నోళ్లు ఇద్దరు నిలబడొద్దని ఏ చట్టంల ఉన్నది? పొలిటికల్ సైన్స్ చదువుతున్నవ్ గదా, జెప్పు."

రాజ్యాంగం మీద పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆయనన్నది నిజం. అలా నిలబడకూడదని ఎక్కడా లేదు. ఆయన లేచి చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. తాగకుండా వదిలేసిన టీ మీద మీగడ కట్టింది.

ఇక ఈ విషయం వదిలేసి మేడమ్‌ను వేరేది అడుగుదామనుకున్నాను. అమ్మే ఒప్పుకోలేదు. "రాయి. నన్ను గూడ అడుగు, జెప్త. గానీ ముందు నేను ఆమె తానకు రావాలె," అంది. ఇన్నేళ్లలో అమ్మ ఎక్కడికైనా తానే వస్తానని అనడం నేను వినలేదు.

తర్వాతి ఆదివారం ఇద్దరం వెళ్లాం. అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంది. టీచరమ్మ తలుపు తీసి, అమ్మను చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చింది. లోపలికెళ్లాక కూడా అమ్మ కూర్చోలేదు.

"అక్కా, నేనొక మాట జెప్పి పోత. ఆ దినం నా ఓటు నీకే ఏసిన."

కుర్చీ జరుపుతున్న టీచరమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఏమన్నావ్?"

"కుట్టు మిషన్ మీద ఒత్తిన. నా పేరు మీద ఒత్తలె. మా ఆయన ఆ పార్టీకేసిండు. మా ఇంట్లకెల్లి నాకు ఒక్క ఓటు సుత పడలె."

నేను అమ్మ వైపు తిరిగి చూస్తూ ఉండిపోయాను. ఈ మాట ఆమె నాతో డాబా మీద కూడా అనలేదు. టీచరమ్మ నెమ్మదిగా కూర్చుంది. కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఆమె గొంతులో కోపం వినిపించింది.

"ఆ మాట అప్పుడే వచ్చి చెప్పకూడదా? ఇన్నేళ్లూ మీ గల్లీలోంచి నడవడం మానేశాను నేను. కూరగాయలకు చుట్టూ తిరిగి వెళుతున్నాను."

"భయమైంది అక్కా."

"నేనంటేనా?"

"నువ్వంటె. ఇంట్లోళ్లంటె. అందరంటె."

టీచరమ్మ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. తర్వాత, "కూర్చో. నిలబడి ఎంతసేపు మాట్లాడతావ్," అంది. క్షమించానని అనలేదు. అమ్మా అడగలేదు. ఇద్దరూ నీళ్ల పైపుల గురించి, అప్పటి ఆడవాళ్ల గురించి, ఎవరు ఉన్నారో ఎవరు పోయారో మాట్లాడుకున్నారు. రికార్డింగ్ పెట్టమని టీచరమ్మే నాకు గుర్తుచేసింది.

ప్రాజెక్టులో ఎవరి పేరూ రాయలేదు. "మొదటి అభ్యర్థి, రెండో అభ్యర్థి" అని రాశాను. రెండో అభ్యర్థి మా అమ్మ అని ముందు పేజీలోనే చెప్పాను, దాచి రాయడానికి మనసొప్పలేదు. స్టాఫ్‌రూమ్‌లో మేడమ్ అది చదువుతూ మధ్యలో ఆగి, "మీ అమ్మగారు ఒప్పుకున్నారా?" అని అడిగింది.

"ఆమే రాయమన్నది మేడమ్."

మేడమ్ మళ్లీ మొదటి పేజీకి వెళ్లి చదవడం మొదలుపెట్టింది. నేను అక్కడే నిలబడి ఉన్నానన్న సంగతి కూడా మరిచిపోయినట్టుంది.

వైవాకు బయటి కాలేజీ నుంచి వచ్చిన సార్ కాగితాలు తిరగేస్తూ నవ్వాడు. "అభ్యర్థి తనకు తాను ఓటు వేసుకోలేదా? విచిత్రంగా ఉందే!" నేను నవ్వకపోవడం చూసి మొదటి పేజీ తెరిచాడు. అది చదివాక ఆయన గొంతు తగ్గింది. "మరైతే ఆ అల్మారాకు పడ్డ ఓట్లు ఎవరివమ్మా?"

"టీచరమ్మవే సార్," అన్నాను. ప్రాజెక్టులో రాసిన 'మొదటి అభ్యర్థి' అన్న మాట నాకప్పుడు నోటికి రాలేదు.

పాసయ్యాను. క్రెడిట్లన్నీ సరిపోయాయి, పట్టా వచ్చింది. అమ్మ ఇప్పుడు అప్పుడప్పుడూ టీచరమ్మ ఇంటికి వెళుతుంది, జాకెట్లు కుట్టడం నేర్చుకుంటోంది. టీచరమ్మ మాత్రం మా గల్లీలోకి ఇంకా రాలేదు.

మొన్నీమధ్య ఒక సాయంత్రం నాన్న ఉతికిన చొక్కా తొడుక్కుని, ఎక్కడికో చెప్పకుండా బయల్దేరాడు. కాసేపటికే తిరిగొచ్చాడు. ఎక్కడికి పోయినవని అమ్మ అడిగితే, "టీచరమ్మ ఇంటికి. తాళమేసి ఉంది. ఏ.ఎస్. రావు నగర్‌ల చెల్లె ఇంటికి పోయిందట," అన్నాడు.

అమ్మ, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"మల్ల పోతవా?" అని నేనే అడిగాను.

"చూస్త," అన్నాడు నాన్న. ఇంకా వెళ్లలేదు.