ఎడమచేతి ముడి

దయ్యాలను నేను నమ్మను. ధైర్యం ఎక్కువై కాదు, నమ్మేంత తీరిక దొరక్క. తెల్లవారకముందే లేచి ముప్ఫై మందికి ఉప్మా కలిపే మనిషి పక్క మీద వాలితే కలలే రావు, ఇక దయ్యాలెక్కడివి? ఎవరికైనా గాలి సోకిందనో, పోయినవాళ్లు కనిపించారనో చెబితే "నిద్ర తక్కువైంది, పోయి పండుకో" అనేదాన్ని. ఆ మాట ఇప్పుడు నాకే ఎవరైనా చెబుతారేమోనని ఇన్నాళ్లూ దీన్ని ఇంటి గడప దాటించలేదు.

నా పేరు సుగుణ. మాది శామీర్‌పేట దగ్గర. మేడ్చల్‌లో కర్రీ పాయింట్ నడిపేదాన్ని. నాలుగేళ్లుగా ఒక టూర్ కంపెనీలో వంటమనిషిని. మనవాళ్లు సరదాపడి యూరప్ వెళ్తారు గానీ మూడో రోజుకే పప్పు, అన్నం, పచ్చడి అడుగుతారు. అందుకని కంపెనీ మాలాంటివాళ్లను వెంట పంపుతుంది. మా వాడకట్టులో అందరూ నేను దేశాలన్నీ చూసొచ్చాననుకుంటారు. నేను ఎక్కువగా చూసింది ఆ దేశాల్లోని సింకులు.

ముందు మా నాయిన గురించి చెప్పాలి. ఆయన ద్రాక్షతోట మాలి. ఈ కాలం పిల్లలకు చెబితే నమ్మరు గానీ, మా వైపు ఒకప్పుడు ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే. వరసగా పాతిన రాతి కడీలు, వాటి మీద తీగలు, కింద చల్లటి నీడ. నేను, అన్న ఆ నీడలోనే పెరిగాం. ఇప్పుడు అక్కడంతా విల్లాలు, ఫంక్షన్ హాళ్లు.

మా దగ్గర ద్రాక్షకు ఏడాదికి రెండుసార్లు కత్తెర పడుతుంది. ఎండాకాలంలో ఒకసారి, దసరా సమయంలో, అక్టోబరులో ఇంకోసారి. అక్టోబరు కటింగే అసలైనది. పచ్చగా ఉన్న ఆకునంతా దూసేసి కొమ్మలు కత్తిరిస్తే పదిహేను రోజుల్లో చిగురు వస్తుంది, దాంతోపాటే పూత. ఆ నెల వచ్చిందంటే నాయిన ఇంట్లో నిలిచేవాడు కాదు.

ఆయనది ఎడమచేతి వాటం. మిగతా మాలీలు కొమ్మలను సుతిలి తాడుతో కట్టేవాళ్లు. నాయిన మాత్రం అమ్మ పాత చీరలు పీలికలుగా చింపించుకుని వాటితో కట్టేవాడు, సుతిలి లేత కొమ్మను కోస్తుందని. రెండు చుట్లు తిప్పి, పీలిక కొసను మళ్లీ చుట్టు లోపలికే దోపేవాడు. బయటికి ఏమీ వేలాడదు. ఆ కొస ఎక్కడుందో తెలిసినవాళ్లు ఒక్కసారి లాగితే మొత్తం విడిపోతుంది, తెలియనివాళ్లు గంటసేపు గింజుకోవాల్సిందే. అమ్మకు తెలుసు. నాకు నేర్పబోయాడు గానీ, కుడిచేతితో ఆ ముడి పడదు.

తోటను యజమాని అమ్మేశాడు. జేసీబీ వచ్చి రెండు రోజుల్లో పందిళ్లన్నీ పడగొట్టింది. ఆ తర్వాత నాయిన ఏ పనిలోనూ కుదురుకోలేదు. గేటు దగ్గర వాచ్‌మన్‌గా పెట్టిస్తే మూడో రోజు తిరిగొచ్చాడు. ఎవరి ప్రహరీ మీద మల్లెతీగ కనిపించినా అడక్కుండా కత్తిరించేవాడు, తిట్లు తినేవాడు. పని లేని మనిషి ఎంత చిన్నగా అయిపోతాడో నేను ఆయనలో చూశాను. చూసి ఏమీ చేయలేకపోయాను, అది నిజం.

ఒక అక్టోబరు పొద్దున తువ్వాల భుజాన వేసుకుని, కత్తెర మొలలో దోపుకుని "తోట కాడికి పోయొస్త" అన్నాడు. తోట లేదని ఆయనకు తెలుసు. ఎప్పుడూ అనే మాటే కదా అని అమ్మ తలూపింది. అంతే, మళ్లీ రాలేదు. అన్న పోలీసు స్టేషనులో రాయించాడు. చెరువులో వెతికించాం, ఆసుపత్రుల్లో చూశాం, గుట్ట మీది గుడి దగ్గర, జాతరల్లో ఫొటో పట్టుకుని తిరిగాం. ఎనిమిదేళ్లు గడిచాయి. మనిషీ దొరకలేదు, శవమూ దొరకలేదు.

ఆ ఎనిమిదేళ్లలో మా ఇంటికి ఒక్క పూట కూడా తాళం పడలేదు. అమ్మ పడనివ్వలేదు. పెళ్లిళ్లకు రాదు, సూరారంలో ఉన్న అన్న ఇంట్లో ఒక్క రాత్రి పడుకోదు. పోయినేడు ఆమె రెండు కళ్లకూ శుక్లాలు బాగా ముదిరాయి. ఆపరేషను చేయించి కొన్నాళ్లు అన్న ఇంట్లో ఉంచుకుంటామంటే ససేమిరా అంది. పొయ్యి దగ్గర రెండుసార్లు కొంగు అంటుకుంది. ఇంకా ఆలస్యం చేస్తే చూపు మిగలదని డాక్టరు చెప్పేశాడు.

"తాళమేసిన ఇంటికి అచ్చి ఆయన యాడ నిలబడాలె? పోతె పోనియ్యి నా కండ్లు," అనేది.

అన్నకు ఒకటే దారి కనిపించింది. నాయిన పోయాడనుకుని దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి, దినాలు జరిపించాలి. అప్పుడైనా అమ్మ ఎదురుచూడటం మానుతుందని. "ఎన్నేండ్లని సూస్తవే?" అని బతిమాలాడు. అన్న ఆ మాట ఎత్తిన రోజల్లా అమ్మ అన్నం ముట్టలేదు. ఇద్దరి మధ్య నలిగి నలిగి నాకు విసుగొచ్చేసింది. టూరుకు రమ్మని కంపెనీ నుంచి ఫోను వస్తే, సిగ్గు విడిచి చెబుతున్నాను, ప్రాణం లేచొచ్చింది.

అది కూడా అక్టోబరే. ఇటలీలో టస్కనీ అనే ప్రాంతంలో, కొండ మీద ఉన్న ఒక పాత ఊరు. ఊరి పేరు రాయను, మా మేనేజరు కిరణ్‌గారు పలికినట్టు పలకడం నాకు ఇప్పటికీ రాదు. కొండ కింద ఒక రైతు ఇంట్లాంటి హోటల్లో దిగాం. చుట్టూ ద్రాక్షతోటలే, సారాయి చేసే ద్రాక్ష. కాయ కోత అయిపోయింది. ఆకులు పసుపు, ఎరుపు తిరిగి ఇంకా తీగలకే ఉన్నాయి.

మర్నాడు పొద్దున అందరూ కొండెక్కుతుంటే కిరణ్‌గారు నన్నూ రమ్మన్నారు. మోకాళ్లు వద్దంటున్నా వెళ్లాను. రాతి వాకిలి దాటితే ఊరంతా రాయే. సందులు, మెట్లు, ఎత్తయిన బురుజులు, ఎప్పటివో తెలియని ఇళ్లకు కొత్త పూలకుండీలు. మావాళ్లు ప్రతి గుమ్మం దగ్గరా ఫొటో దిగారు. నేను చర్చి ముందు గట్టు మీద కూలబడి కాళ్లు పిసుక్కున్నాను. అక్కడి నుంచి చూస్తే కొండవాలంతా ద్రాక్ష వరుసలు. బాగుంది అనిపించలేదు. నాయిన చూడాల్సింది అనిపించింది, అంతే.

మధ్యాహ్నానికి అన్నం వండాలి కాబట్టి అందరికంటే ముందు నేనొక్కదాన్నే తోటల మధ్య కాలిబాటన దిగొచ్చాను. పదకొండు కావస్తోంది. మంచి ఎండ. సగం దూరం వచ్చాక ఒక వరుసలో ఒకే ఒక్క చెట్టు బోడిగా కనిపించింది. అటూ ఇటూ అన్నీ ఆకులతో ఉన్నాయి. దాని ఆకు మాత్రం దూసేసి, కొమ్మలు కత్తిరించి ఉన్నాయి. కత్తిరించిన కొమ్మలకు లేత చిగుళ్లు.

అది అక్టోబరు కటింగ్. నా చిన్నప్పటి నుంచీ చూసిన కటింగ్.

దగ్గరికి వెళ్లాను. ప్రతి కొమ్మనూ ఒక ఊతకర్రకు గుడ్డపీలికతో కట్టి ఉంది. రెండు చుట్లు. కొస ఎక్కడా వేలాడటం లేదు. గట్టిగా పిలుద్దామా అనిపించింది. ఎవరిని పిలవాలో తెలియలేదు.

ఇంతలో పక్క వరుసలోంచి ఒక ముసలామె వచ్చింది. తోట ఆమెదేనట. నేనే ఆ పని చేశాననుకుందేమో, చెట్టును చూపించి గట్టిగా అరవడం మొదలుపెట్టింది. నేను చేతులు జోడించి నిలబడ్డాను. కాసేపటికి కిరణ్‌గారూ మిగతావాళ్లూ దిగొచ్చారు. ఆయన తన ఫోనులో మాటలు మార్చి వినిపిస్తూ విషయం కనుక్కున్నారు.

ఆమె చెప్పింది ఇదీ. వాళ్ల దగ్గర ఏడాదికి ఒక్కసారే కత్తిరిస్తారు, అదీ ఆకంతా రాలిపోయాక, గట్టి చలికాలంలో. ఇప్పుడు కత్తిరిస్తే చిగురేస్తుంది, మంచు పడగానే ఆ చిగురు మాడిపోతుంది. పని తెలియని మూర్ఖుడు కూడా చేయని తప్పు అది. కానీ చేసినవాడికి పని తెలుసు, కోత అంత శుభ్రంగా ఉంది. ఆమెకు అర్థం కానిది అదే. తోటలో తిరిగేది ఆమె, ఆమె కొడుకు, కోతలప్పుడు ఇరుగుపొరుగు వాళ్లు. ఎవరూ ఒప్పుకోలేదు. ఇది మొదటిసారి కూడా కాదట. ఏటా ఒక్క చెట్టు. ఎన్నేళ్ల నుంచని కిరణ్‌గారిని అడగమన్నాను. లెక్క గుర్తు లేదంది. మొదటిసారి జరిగినప్పుడు తన భర్త బతికే ఉన్నాడని మాత్రం చెప్పింది.

చెప్పి చెప్పి విసుగొచ్చి, ఒక కొమ్మను ఊతకర్రతో సహా విరిచి పారేసి వెళ్లిపోయింది. అందరూ ముందుకు నడిచాక ఆ ముడిని విప్పకుండా కొమ్మ మీంచి జార్చి కొంగున కట్టుకున్నాను. ఆ రోజు పప్పులో ఉప్పు వేయలేదు. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన "ఏమ్మా సుగుణా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. మోకాళ్ల నొప్పులన్నాను.

తర్వాత నేను చాలా రకాలుగా ఆలోచించాను. ఇటలీ పొలాల్లో మన దేశం వాళ్లు చాలామంది పనిచేస్తారని కిరణ్‌గారు చెప్పారు. వాళ్లలో ఎవరో అలవాటు కొద్దీ కత్తిరించి ఉండొచ్చు. ఎడమచేతి వాటం లోకంలో ఎంతమందికి లేదు? ఆ పీలిక రంగు వెలిసిపోయిన నూలు గుడ్డ, అది మా అమ్మ చీరేనని నేను అనను. మా నాయినకు పాస్‌పోర్టు లేదు. మేడ్చల్ స్టేషనులో రైలెక్కడానికే భయపడేవాడు. ఇవన్నీ నాకు నేను వంద సార్లు చెప్పుకున్నాను.

ఇంటికొచ్చేముందు అన్నకు మాత్రం ఫోనులో చెప్పాను. "అమ్మకు చెప్పకు. చెప్పినవంటే ఇగ జన్మల గా గడప దాటది," అన్నాడు. నిజమే అనిపించింది. నాయిన ఎక్కడో ఉన్నాడన్న ఆశ పుడితే ఆ కళ్లు పోయినట్టే. చెప్పకూడదనే ఇంటికి వెళ్లాను.

అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. నా అడుగుల చప్పుడుకు ముందు "ఎవరు?" అంది. చూపు ఇంకా తగ్గింది. పక్కన కూర్చోబెట్టుకుని ఏమేం చూశావని అడిగింది. కొండ మీది ఊరు, రాతి సందులు, చర్చి గంట గురించి చెప్పాను. ద్రాక్షతోటలున్నాయని నోరు జారాను. ఆమె ముఖం ఒక్కసారిగా నా వైపు తిరిగింది.

"ఆడ దేనితోని కడతరు బిడ్డా?"

అలా అడుగుతుందని నేను అనుకోలేదు. పందిళ్ల కింద సగం జీవితం గడిపిన మనిషి ఇంకేం అడుగుతుంది? నాకు అబద్ధం నోట్లోకి రాలేదు. అలిసిపోయాను కూడా. పర్సులోంచి ఆ ముడి తీసి ఆమె అరచేతిలో పెట్టాను, చూసిందంతా చెప్పేశాను.

అమ్మ వేళ్లతో తడిమింది. రెండు చుట్లూ తడిమి, లోపలికి దోపిన కొసను వెతికి పట్టుకుని ఒక్కసారి లాగింది. ముడి మొత్తం విడిపోయి పీలిక ఆమె ఒళ్లో పడింది. నేను హోటల్ గదిలో మూడు రాత్రులు ఆ కొస కోసం వెతికాను. నాకు దొరకలేదు.

"చెట్టు చిగురేసిందా?" అని అడిగింది.

"ఏసిందమ్మా."

"గట్లయితె చెయ్యి మంచిగనే ఉన్నది."

మంచు పడితే ఆ చిగురు మాడిపోతుందన్న సంగతి నేను చెప్పలేదు. అమ్మ ఆ పీలికను మడిచి రవికెలో దోపుకుంది.

"నువ్వు, మీ అన్న దినాలు దినాలని నా పానం తినకుండ్రి. పనిల ఉన్న మనిషికి దినాలేంది? పని దొరికింది ఆయనకు. నడిమిట్ల ఇడిసిపెట్టి అచ్చే మనిషి గాదు మీ నాయిన, ఇగ రాడు," అంది. ఏడవలేదు. ఎనిమిదేళ్ల తర్వాత ఆమె గొంతులో అలసట మొదటిసారి విన్నాను. అంతకుముందు దాన్ని ఎక్కడ దాచిందో.

నేను ఏడ్చాను. సంతోషమో దుఃఖమో తెలియదు, ఆపుకోలేకపోయాను.

ఆ కొండవాలులో ఆ చెట్టును ఎవరు కత్తిరించారో నాకు తెలియదు. మళ్లీ ఆ ఊరు వెళ్లే అవకాశం రాలేదు, వస్తే వెళ్తానో లేదో చెప్పలేను. దయ్యాలను నమ్ముతావా అని అడిగితే ఇప్పటికీ లేదనే అంటాను.

మర్నాడు పొద్దున అమ్మను కళ్ల ఆపరేషనుకు తీసుకెళ్లడానికి అన్న ఆటో తీసుకొచ్చాడు. అమ్మ తన రెండు చీరలు సంచిలో పెట్టుకుని గుమ్మం బయట నిలబడి, తాళం తెచ్చావా అని అడిగింది. తేలేదు. మా ఇంట్లో తాళమే లేదన్న సంగతి మా ఇద్దరికీ గుర్తు లేదు. అన్న మెయిన్ రోడ్డు దాకా పరుగెత్తి కొత్తది కొనుక్కొచ్చాడు. గొళ్లెం తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. అమ్మే దాన్ని అటూ ఇటూ కదిలించి, తాళం వేసి, రెండుసార్లు లాగి చూసుకుంది.