ఎడమవైపు బేరింగు

నేను మంచివాణ్ణని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. ఆ పని చేసినవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు, వాళ్ళ పుస్తకాలు వాళ్ళకి. నాకు ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు, పని నేర్పిన మనిషిని పదిమందిలో నిలబెట్టి పరువు తీశాను. తీసేటప్పుడు చాలా సంతోషంగా ఉంది కూడా.

రామచంద్రపురంలో కాకినాడ వెళ్ళే రోడ్డు మీద ఉండేది మా షెడ్డు. తొంభైల మధ్య రోజులు. చిన్న కార్లు వచ్చేసినా, మిల్లులున్నవాళ్ళూ కొబ్బరితోటలున్నవాళ్ళూ ఇంకా అంబాసిడర్ దిగలేదు. ఆ బండికి ఇంజను ముందుంటుంది, తోసేవి మాత్రం వెనక చక్రాలు. ఆ రెండు చక్రాల నడుమ ఇరుసుకి కుండలా ఉబ్బిన ఇనుప డొల్ల ఒకటి ఉంటుంది. దాన్నే డిఫరెన్షియల్ అంటాం. లోపల పెద్ద పళ్ళచక్రం, దానికి అటొకటీ ఇటొకటీ బేరింగులు. అవి అరిగితే బండి ఏడుస్తుంది. నలభై స్పీడు దాటగానే వెనకసీటు కింద ఎవరో సన్నగా మూలుగుతున్నట్టు మొదలవుతుంది. ఆ మూలుగు ఎడమదా, కుడిదా, ముందుండి దాన్ని తిప్పే చిన్న పళ్ళచక్రం పీనియన్‌దా అని విప్పకుండా చెప్పగలిగినవాడే మేస్త్రీ. తక్కినవాళ్ళంతా నట్లు విప్పేవాళ్ళు.

మా మేస్త్రీగారు చెప్పగలిగేవారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కాతో ఉండేవారు. మండపేట నుంచీ ద్రాక్షారామం నుంచీ బళ్ళు ఆయన చెవి కోసం వచ్చేవి. ముందుసీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, రెండు మైళ్ళు తిరిగొచ్చి, 'కుడివైపండి' అనేవారు. విప్పితే కుడివైపే.

ఆ చెవి పోయింది. పక్కనే బాడీలు సాగగొట్టే షెడ్డు, ముప్ఫై ఏళ్ళు ఆ సుత్తి దెబ్బలు. మొదట నాకే తెలిసింది. ఒకరోజు ఆయన వెనక లారీ హారన్ కొడుతుంటే పక్కకి జరగలేదు. తరవాత గమనించాను, అందరూ నవ్వాక నవ్వేవారు. బేరం వచ్చినవాడితో, 'మళ్ళీ మొదట్నుంచి చెప్పండి' అని గద్దించి, వాడి పెదాలవంక చూస్తూ కూర్చునేవారు. జనం అదంతా అనుభవం అనుకునేవారు.

ఒకసారి బండి తిప్పి వస్తుండగా ఆయన మొహం చూశాను. ఏమీ వినబడటం లేదు. చెమటలు పడుతున్నాయి. నేనే స్టీరింగు మీద ఉన్నాను. ఎందుకు చేశానో తెలీదు, ఆయన మోకాలి మీద వేలితో ఒకసారి తట్టి, ఎడమ చెయ్యి చూపించాను. షెడ్డుకొచ్చి, 'ఎడమవైపండి' అన్నారు. ఆ రోజు నుంచీ అది మా ఇద్దరి ఏర్పాటు. ఎడమైతే ఒకసారి, కుడైతే రెండుసార్లు, పీనియన్ అయితే మూడుసార్లు. దాని గురించి ఒక్క మాట కూడా అనుకోలేదు. రెండేళ్ళు నా చెవితో ఆయన పేరు నిలబడింది.

జాలితో చేశాననుకునేవాణ్ణి. జాలి ఎక్కువకాలం నిలవ ఉండే సరుకు కాదు. 'మీ మేస్త్రీగారి చెవి దేవుడిచ్చిన వరమయ్యా' అని ఎవరైనా నాతోనే అంటుంటే కడుపు మండిపోయేది. ఆయనేమో ఆ మాటలకి తల వంచుకుని, నావంక చూడకుండా పంచె సర్దుకునేవారు. ఒక్కసారి, ఒక్కసారైనా, 'మావాడు కూడా బాగా వింటాడండి' అనొచ్చు కదా. అనలేదు.

వైశాఖమాసంలో ఆయన పెద్దకూతురి పురిటికని జంగారెడ్డిగూడెం వెళ్ళారు. మర్నాడే ఊళ్ళో రైసుమిల్లు ఆసామి తన అంబాసిడర్ తెచ్చారు. ఇంట్లో పెళ్ళి, బండి మూలుగుతోంది, తొందరగా కావాలి. నేనే తిప్పి చూశాను. రెండువైపులా పోయాయి. విప్పాను.

బేరింగు ఎక్కించడంలో మేస్త్రీగారికో పద్ధతి ఉండేది. కిరసనాయిలు స్టవ్ మీద ఇనుప మూకుడు పెట్టి, నూనె కాచి, గారె వేసినట్టు కొత్త బేరింగుని అందులో వేసేవారు. వేడికి అది కాస్త సాగుతుంది. పట్టకారుతో తీసి పెడితే దానంతటదే జారి కూర్చుంటుంది. గొట్టం పెట్టి సుత్తితో దిగ్గొట్టేవాణ్ణి చూస్తే ఆయనకి ఒళ్ళు మండేది. లోపలి ఇనుప గుళ్ళకి కంటికి కనబడని దెబ్బ తగులుతుంది, అది ఇవాళ మాట్లాడదు, నెలలోపు మాట్లాడుతుంది అనేవారు. కుడివైపుది అలాగే నూనెలో కాచి ఎక్కించాను. ఎడమవైపుది మూకుట్లో వెయ్యబోతే స్టవ్‌లో కిరసనాయిలు అయిపోయింది. తేవడానికి బద్ధకించాను. గొట్టం పెట్టి నాలుగు దెబ్బలు వేశాను. బిగించి, గేర్ ఆయిల్ పోసి, తిప్పి చూస్తే చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు.

ఆసామికి కబురు పెట్టాను. నా పని, నా చేతి పని, పూర్తిగా నాది. ఆయన వచ్చి, బండి చుట్టూ తిరిగి, మేస్త్రీగారు ఎప్పుడొస్తారని అడిగారు. రేపు పొద్దున్న అన్నాను. 'అయితే రేపే తీసుకెళ్తాన్లే. ఆయనోసారి విని బాగుందంటే నాకు ధైర్యం' అన్నారు. ఎంతో మర్యాదగానే అన్నారు. నాకు మాత్రం చెప్పుతో కొట్టినట్టయింది.

ఆ మాటతోనే తెల్లారింది నాకు.

మేస్త్రీగారు బస్సు దిగి నేరుగా షెడ్డుకొచ్చారు. మనవడు పుట్టాడని అందరికీ జున్ను తెచ్చారు. నేను జున్ను తింటూ, మిల్లువారి బండి మూలుగుతోందట, ఏ వైపో మీరు చూడాలి అని సైగలతో చెప్పాను. బేరింగులు మార్చేశానని చెప్పలేదు. ఆసామికీ, పక్కనున్న టాక్సీ స్టాండు డ్రైవర్లకీ ముందే చెప్పి ఉంచాను, మేస్త్రీగారికి ఓ చిన్న పరీక్ష, ఎవరూ నోరెత్తకండని. వినోదమంటే ఎవరికి చేదు? అయిదారుగురు కుర్చీలు లాక్కుని కూర్చున్నారు.

ద్రాక్షారామం దాకా వెళ్ళి వచ్చాం. దారి పొడుగునా ఆయన నా ఎడమచేతివంకే చూస్తున్నారు. నేను రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, కాలవగట్టు చూస్తూ నడిపాను. తిరుగుదారిలో ఆయన తన మోకాలిని కొంచెం నా వైపు జరిపారు. ఆ జరపడం ఇప్పటికీ నాకు కనబడుతుంది. నేను తట్టలేదు.

షెడ్డులో బళ్ళ కిందకి దిగి పనిచేసే గొయ్యి మీద బండి ఆపాక ఆయన చొక్కా చేతులు మడిచి గోతిలోకి దిగారు. అలా దిగడం ఎప్పుడూ లేదు. డిఫరెన్షియల్‌కి అటూ ఇటూ ఇరుసు మీద అరచెయ్యి ఆనించి, కొంతసేపు అలాగే ఉండిపోయారు. కుడివైపు పెట్టి, ఎడమవైపు పెట్టి, మళ్ళీ కుడివైపు పెట్టారు. పైకొచ్చి, ఆసామితో, 'ఎడమవైపు బేరింగండి. విప్పించండి' అన్నారు.

ఎవరో కిసుక్కుమన్నారు. నేను కాగితంలో చుట్టి ఉంచిన పాత బేరింగులు రెండూ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. లోపలున్నవి కొత్తవని, నిన్ననే నేను ఎక్కించానని, బండిలో అసలు చప్పుడే లేదని ఒక్కొక్క మాటా పెదాలు కదిపి, ఆయనకి అర్థమయ్యేలా, అందరికీ వినబడేలా చెప్పాను. చివర్న అడిగాను.

"మరి మీకేం వినబడిందండి?"

ఆయన పాత బేరింగులవంక చూశారు. "చెయ్యి పెట్టి చూడరా. ఎడమవైపు కాలిపోతోంది" అన్నారు, చిన్నగా.

"వైశాఖమాసం ఎండండి. ఏ ఇనుమైనా కాలుద్ది" అన్నాను. స్టాండంతా ఘొల్లుమంది.

అక్కడితో ఆపొచ్చు. ఆపలేదు. ఆయన వెనక ఆపి ఉన్న టాక్సీలోని డ్రైవరుకి కన్నుగీటాను. వాడు హారన్ మీద చెయ్యి వేసి నొక్కి పట్టాడు. రోడ్డు మీద పోతున్న సైకిళ్ళు ఆగాయి. కాకులు లేచాయి. మేస్త్రీగారు మాత్రం చేతిలో బేరింగు తిప్పుకుంటూ, ఆసామికి ఏదో చెబుదామని అలాగే నిలబడి ఉన్నారు. మా మొహాలు చూశాక తెలిసింది ఆయనకి. మెల్లిగా వెనక్కి తిరిగారు. హారన్ మీద చెయ్యి చూశారు. తరవాత నన్ను చూశారు.

 గోళెం దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని కడుక్కున్నారు, మరక పోయాక కూడా ఆపకుండా. జున్ను గిన్నె తీసుకుని ఇంటికి వెళ్ళిపోయారు. మర్నాడు రాలేదు, ఆ తరవాతా రాలేదు. షెడ్డు ఓనరు నన్ను మేస్త్రీ అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం అని టాక్సీ స్టాండులో వారంరోజులు చెప్పుకుని నవ్వారు. నేనే ఎక్కువ నవ్వాను.

పదకొండో రోజున మిల్లువారి బండిని ట్రాక్టరుకి తాడు కట్టి లాక్కొచ్చారు. కాకినాడలో పెళ్ళిబట్టలు కొనుక్కొస్తుంటే దారిలో కీచుమని అరిచి నిలిచిపోయిందట. ఆడవాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని బస్సెక్కారట. విప్పేటప్పటికే మాడిన నూనె కంపు ముక్కుకి తగిలింది. కుడివైపుది అద్దంలా మెరుస్తోంది. ఎడమవైపుది నల్లగా, నీలంగా మాడి, గుళ్ళు పగిలి చేతిలో రాలాయి.

ఆయన చెప్పింది నిజం. చెవి పోయాక ఆ మనిషి ఊరికే కూర్చోలేదు, చెయ్యి నేర్చుకున్నాడు. నా వేలు మీద ఆధారపడుతూనే, ఒకనాడు దాంతో పని లేకుండా చేసుకోవాలని ఎక్కడెక్కడో, ఎవరూ చూడకుండా, ఇరుసుల మీద అరచెయ్యి పెట్టి చూసుకుంటూ వచ్చాడు. పాడయిన బేరింగు మూలగకముందే వేడెక్కుతుందని నా చెవికి తెలీదు, ఆయన అరచేతికి తెలుసు. నేను గోతిలోకి దిగి ఒక్కసారి చెయ్యి పెట్టి ఉంటే నాకూ తెలిసేది.

ఆసామితో నకిలీ సరుకండి అన్నాను. నమ్మారు. మేస్త్రీని కదా.

ఆ సాయంత్రమే మేస్త్రీగారు వచ్చారు, తన మూకుడు తీసుకెళ్ళడానికి. నేను గోతి పక్కన ఉన్నాను. మాడిన బేరింగు ముందు బల్ల మీద ఉంది. ఆయన్ని చూడగానే దాని మీద గోనెగుడ్డ కప్పాను. ఆయన జాకీల మీదున్న బండిని గుర్తుపట్టి, అదే బండి కదా, ఏంటి సంగతని అడిగారు. బ్రేకులు అని కాలితో తొక్కి చూపించాను. తలాడించారు.

మూకుడు చేతిలోకి తీసుకున్నారు గాని కదల్లేదు. కుడిచెయ్యి చాపి, అది తనది కానట్టు అరచేతివంక చూసుకున్నారు.

"చెవి పోయినా చెయ్యుందనుకున్నానురా. ఆ రోజుతో తెలిసింది, అదీ పోయింది. ఇంక ఇనుము ముట్టుకోను" అన్నారు. మూకుడు మళ్ళీ నా బల్ల మీదే, గోనెగుడ్డ పక్కన పెట్టారు. "నువ్వుంచుకో. నూనె కాచే ఎక్కించు, సుత్తి పట్టకు." అని, నా మొహంలోకి చూసి అడిగారు. "ఆ రోజు నేను చెప్పింది తప్పే కదా?"

ఆయన ఆ తరవాత ఎనిమిదేళ్ళు బతికారు. మళ్ళీ ఏ బండి మీదా చెయ్యి వెయ్యలేదు.

అంత అబద్ధం ఎలా ఆడగలిగావని మీరడగొచ్చు. ఆడలేదు. ఆయనకి వినబడదు కదా, నోరు తెరవాల్సిన పనే లేకపోయింది. ఔనని తలూపాను, సరిపోయింది.