ముప్పై ఒకటో ట్రే

"...నీళ్ళు పోశానండీ, పోస్తే ఏం మునిగిపోయింది? కళ్ళముందు ఎండిపోతుంటే చూస్తూ కూర్చోమంటారా?" అంది భార్య, క్యారియర్ బల్లమీద పెడుతూ. గడ్డి పెంచి పెంచి ఊళ్ళో 'గడ్డాయన' అనిపించుకున్న ఆమె భర్త మొహం వాడిపోయింది. గోల్ఫ్ మైదానంలో బంతి గుంటలోకి దొర్లే చోట పెంచే బెంట్‌గ్రాస్ చలికి పుట్టిన గడ్డి. ఎండ ముదిరితే తట్టుకోలేదు. తట్టుకునే రకం పుట్టించాలని పన్నెండేళ్ళుగా ఆయన ఈ గాజుగదిలోనే కాపురం. పొద్దున్నే చెప్పులు బయట విడిచి, ట్రేలన్నిటికీ మంగలి కత్తెరతో క్రాపు చేస్తాడు. పసిపిల్లకి జ్వరం చూసినట్టు చేతి వెనకవైపుతో గడ్డిని తాకుతాడు. తన జుట్టు చెవులమీద పడుతున్నా పట్టదు.

పదిరోజుల వేడి పరీక్షలో నలభై ట్రేలకీ ఒకే కొలత నీళ్ళు. ఈ పొద్దున చూస్తే ముప్పై ఒకటోది ఒక్కటే పచ్చగా నవ్వుతోంది. సంబరంగా ఊరందరికీ ఫోన్లు చేశాక, ఇప్పుడిదీ సంగతి.

"దానికొక్కదానికే పోశావా?"

"గుమ్మం పక్క వరస మొత్తానికి, రోజూ నా సీసాలో మిగిలినవి సమానంగా. ఒకదానికి పోసి ఒకదానికి మానడానికి నేనేమన్నా సవతి తల్లినా?"

ఆయన ఆ వరస పొడుగునా నడిచాడు. అవే నీళ్ళు తాగిన అయిదు ట్రేల్లో నాలుగు ఎండుగడ్డి. మిగిలిన ముప్పై ఒకటోదాన్ని చేతి వెనకవైపుతో తాకి చూశాడు. చల్లగా ఉంది.

"సోమవారం మళ్ళీ మొదలుపెడదాం," అన్నాడు క్యారియర్ మూత తీస్తూ. "ఈసారి నలభైకీ నువ్వే నీళ్ళు పొయ్యి."