చాప మీద కత్తెర

నాచారంలో మా వీధి వాళ్లనెవరినడిగినా "బుఖారా డాక్టరమ్మ" ఇల్లు చూపిస్తారు. ఆ పేరు మొదట వెటకారానికి పెట్టిందే. ఇక్కడ మెడికల్ సీటు రాక పరదేశంలోని బుఖారాకు విమానమెక్కిపోయిన పిల్ల అని, తిరిగొచ్చాక ఇక్కడ ప్రాక్టీసు కోసం రాయాల్సిన పరీక్ష మొదటిసారి తప్పిందని, చప్పరించుకుంటూ పెట్టిన పేరది. నేను వాళ్ల ఎదురింటి శాంతాబాయిని. రైల్వే ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఆ డాక్టరమ్మ నీలవేణి గురించి ఎవరో ఒకరు ఏదో ఒకటి కూయడం వింటుంటే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే చూసింది చూసినట్టు రాస్తున్నాను. నచ్చనివాళ్లు ఇక్కడే ఆపేయొచ్చు.

వాళ్లది బొక్కలు, అంటే విరిగిన ఎముకలు, కట్టే ఇల్లు. నీలవేణి తాత పెంటయ్య పొద్దున్నే అరుగు మీద ఈతచాప పరిచి కూర్చుంటాడు. చెయ్యి విరిగినా, చీలమండ బెణికినా, నాగారం నుంచి, అన్నోజిగూడ నుంచి జనం ఆయన దగ్గరికే వస్తారు. గుడ్డుసొనలో మినప్పిండి కలిపి పట్టు వేసి, వెదురుబద్దలు పేర్చి, పాత ధోవతి గుడ్డతో కట్టు కడతాడు. ఆ గుడ్డను కూడా చేత్తోనే చింపుతాడు. కట్టే చెయ్యి కత్తి పట్టకూడదు, చాప మీదికి పదునున్నదేదీ రాకూడదు, కట్టును కట్టినవాడే విప్పాలి తప్ప ఎవరూ కోయకూడదు. ఆ ఇంటి నియమం అది. నా మణికట్టు బాగుచేసింది పెంటయ్యే. ఆయన చేతి గుణం నేను కాదనను.

కొడుకు జగన్‌కి ఆ విద్య అబ్బలేదు. ఫ్యాక్టరీలో చేరిపోయాడు. మనవరాలికి అబ్బింది. చిన్నప్పుడే కళ్లు మూసుకుని, వాపు మీద వేళ్లు నడిపించి, విరుపు ఎక్కడుందో చెప్పేది. కట్టు నేర్చే పిల్ల కాబట్టి ఆ ఇంట్లో ఆమెను కత్తిపీట ముట్టుకోనిచ్చేవారు కాదు. తల్లి బెండకాయలు తరుగుతుంటే ఈ మహారాణి పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది. ఉల్లిపాయ తరగడం రాకుండానే కాలేజీ దాటింది.

మరి అలాంటి పిల్లకు డాక్టరీ మీదికి మనసెందుకు పోయిందంటారా? తొడ ఎముక విరిగినవాళ్లను పెంటయ్య కట్టేవాడు కాదు. "ఇది మన పని గాదు, దవాఖానాకు తీస్కపోన్రి" అనేవాడు. ఒకరోజు నీలవేణి అడగనే అడిగింది.

"మన పని గాకుంటే ఎవరి పని తాతా?"

"కోసెటోళ్ల పని."

"అయితే నేను గది నేర్సుకుంట."

పెంటయ్య నవ్వలేదు. "కత్తి వట్టిన చెయ్యికి బొక్క తెల్వది బిడ్డా. నువ్వు కత్తి వట్టుకొనొస్తె నా చాప మీద కూసోనియ్య. సోంచాయించుకో."

సోంచాయించుకుంది, ఆలోచించుకునే బుఖారా వెళ్లింది. ఇక్కడ ర్యాంకు చాలలేదు, నిజమే. అయితే ఏం? చదువు ఎక్కడ దొరికితే అక్కడికి పోతారు మనుషులు. వెయ్యేళ్ల కిందట కూడా వైద్యం నేర్చుకోవాలని కుర్రాళ్లు ఒంటెల బారుల వెంట ఆ ఊళ్లకే నడిచారట. వాళ్లను సీటు రానివాళ్లు అని ఎవరూ అనలేదు.

అక్కడ శవాన్ని కోసి చూపించే గదిలో మొదటిరోజు నీలవేణి చేతిలోంచి బ్లేడు జారి కిందపడింది. తోటి పిల్లలు నవ్వారు. చర్మం పైనుంచి ఏ ఎముక ఎక్కడుందో వాళ్లందరికంటే ముందు చెప్పగలదు గానీ చర్మం దాటడం ఆమెకు చేతకాలేదు. హాస్టల్లో మదీనా అనే వంటావిడ ఉండేది. అక్కడి పలావుకు క్యారెట్లు సన్నగా, పొడుగ్గా చేత్తోనే తరగాలి, బుట్టలకొద్దీ. నీలవేణి వెళ్లి ఆవిడ పక్కన నిలబడింది. ఆవిడ భాష ఈ పిల్లకు రాదు, ఈ పిల్ల తెలుగు ఆవిడకు రాదు. మదీనా ఆమె పిడికిలి విప్పి, వేళ్లు సర్ది, కత్తి పట్టించింది. చలికాలమంతా క్యారెట్లు తరిగి తరిగి చెయ్యి కుదిరింది. నాకు ఫోన్లో ఈ సంగతి చెప్పి, "తాతకు జెప్పకు ఆంటీ" అంటూ పకపకా నవ్వింది. తర్వాత కాసేపు ఏడ్చింది కూడా.

తిరిగొచ్చి, పరీక్ష ఒకసారి తప్పి, మళ్లీ రాసి పాసై, ట్రైనింగు పూర్తిచేసి, ఉప్పల్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగా చేరింది. పెంటయ్య అన్న మాట మీదే ఉన్నాడు. చాప దగ్గరికి రానివ్వలేదు. ఆ పిల్ల అరుగు కింద మెట్టు మీద కూర్చుని, పరాయిదానిలా చూస్తూ ఉండేది. డాక్టరయ్యానన్న సంతోషం ఆమె మొహంలో నాకు కనపడలేదు. చాప మీద చోటు పోయిందన్న బాధే కనపడేది.

ఒక ఆదివారం పొద్దున తిరుపతి అనే అతను వచ్చాడు. పోచారం వైపు ఆటో నడుపుతాడు. బండి తిరగబడి ముంజేయి విరిగితే ముందురోజు సాయంత్రం పెంటయ్య కట్టు కట్టాడు. ఇప్పుడు కట్టు దాటి వేళ్లు ఉబ్బి నల్లబడ్డాయి. మనిషి నొప్పితో మెలికలు తిరుగుతున్నాడు.

"మొదటి దినం గట్లనే ఉంటది, ఓర్సుకో" అన్నాడు పెంటయ్య.

డ్యూటీకి బయల్దేరిన నీలవేణి ఆగింది. తిరుపతి గోరు నొక్కి వదిలింది. ఎరుపు తిరిగి రాలేదు.

"వేళ్లు కదిలియ్యన్నా."

కదలలేదు.

"తాతా, కట్టు ఇప్పు. రక్తం దిగుతలేదు."

"ఇప్పితే బొక్క జరుగుతది. నువ్వు పుట్టకముందుకెల్లి కడుతున్న, నాకు జెప్తవా?"

"ఇంకింత సేపైతే చెయ్యే పోతది తాతా!"

పెంటయ్య మొహం తిప్పుకున్నాడు. నీలవేణి చెప్పులు విడిచి, అరుగెక్కి, చాప మీద కూర్చుని సంచీలోంచి కత్తెర తీసింది. వచ్చినవాళ్లంతా కెవ్వుమన్నారు.

"ఏందే పిల్లా, తాత కట్టు కోస్తవా?" అని అరిచాడొకాయన.

"కోస్త" అంది.

మణికట్టు నుంచి మోచేతి దాకా కోసేసింది. కుడిచేత్తో కోస్తూ, ఎడమచేత్తో విరుపు కింద ఆనించి ఎముక జరగకుండా పట్టుకుంది. ఆ పట్టు పెంటయ్య నేర్పిందే. అది ఆయనా చూశాడు, నేనూ చూశాను. కాసేపటికి వేళ్లలోకి రంగు వచ్చింది. తిరుపతిని ఆటోలో ఎక్కించుకుని తనే ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆరోజే ఆపరేషన్ చేశారు. చెయ్యి దక్కింది.

సాయంత్రం ఇంటికి రాగానే పెంటయ్య అందుకున్నాడు. "పదిమందిల నా కట్టు కోసినవ్."

"కోసిన. మళ్ల గట్ల బిగిస్తె మళ్ల కోస్త."

"నా ఇంట్ల, నా చాప మీద!"

"ఇల్లు నీదే, చాప నీదే తాతా. చెయ్యి తిరుపతన్నది."

ఆ తర్వాత చాప మూలకు చేరింది. ముసలాయన పరువు తీసిందని వీధిలో నోళ్లు లేచాయి. నాకు వినబడేలా అన్నవాళ్లందరికీ గట్టిగా గడ్డి పెట్టాను. నీలవేణి మాత్రం ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు, తలా దించలేదు.

కొన్నాళ్లకు తిరుపతి వచ్చాడు. పెంటయ్య ఎదుట నిలబడి, ఆ చేతి వేళ్లు ఒక్కొక్కటీ మడిచి విప్పి చూపించాడు. పెంటయ్య ఆ వేళ్లను తన చేతిలోకి తీసుకుని చాలాసేపు తడిమాడు.

మర్నాడు పొద్దున అరుగు మీద మళ్లీ చాప పరిచి ఉంది. నీలవేణి ఎవరూ పిలవకుండానే వెళ్లి ఓ అంచున కూర్చుంది. కత్తెర తీసి పక్కన నేల మీద పెట్టింది. నేను మా గేటు పట్టుకుని నిలబడిపోయాను.

"అది లోపట వెట్టిరా" అన్నాడు పెంటయ్య.

"పెట్ట తాతా. ఈడ్నే ఉంటది."

ముసలాయన కత్తెర మీంచి కళ్లెత్తి చూశాడు. అప్పటికే మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుని ఎవరో వచ్చి నిలబడ్డారు.

"గట్లయితె చాప మీద వెట్టు" అన్నాడు. "నేల మీద ఉంటె వచ్చెటోళ్ల కాళ్లకు గుచ్చుకుంటది."