యోహానుకి ఆరొచ్చింది

2003 వేసవి చివర నన్ను డిప్యూటీ సివిల్ సర్జన్ హోదాలో పలాసలోని ప్రభుత్వాసుపత్రికి బదిలీ చేశారు. ఈ హోదా అసిస్టెంట్‌కి పైన, సివిల్ సర్జన్‌కి కింద. పని కింది మెట్టుది, పడే మాటలు పై మెట్టువి. మూత్రకోశ వ్యాధుల్లో కొంత శిక్షణ పొందానని ఆ రోగులందరినీ నా గదికే పంపేవారు.

పలాస చుట్టుపక్కలి ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు లేని వీధి ఉండదు. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష పేరు క్రియాటినిన్. మామూలు మనిషికి ఒకటికి అటూ ఇటూ ఉంటుంది. కిడ్నీలు చెడేకొద్దీ పెరుగుతుంది. పిల్లల మార్కులు మరిచిపోయినవాళ్లు కూడా ఇంటిల్లిపాది క్రియాటినిన్ అంకెలూ నోటికి చెప్పేవారు. పరీక్షలకి ఊళ్ల నుంచి ఆటోల్లో గుంపులుగా వచ్చేవారు. తిరుగు ప్రయాణంలో "నీకెంతొచ్చింది?" అన్నదే పలకరింపు. ఏ పరీక్షలో అని ఎవరూ అడగరు. ఎవరి అంకె పెద్దదైతే వాళ్లకి వెనక సీట్లో మధ్యన జారబడే చోటు. చిన్న అంకె వాళ్లు డ్రైవర్ పక్కన సగం గాలిలో కూర్చోవాలి. ఈ సీనియారిటీకి మా శాఖలో ఉన్నంత గొడవ ఉండేది కాదు.

పూండి దగ్గరి ఊరి నుంచి యోహాను అనే ఆయన నా దగ్గరికి వచ్చాడు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా రిటైరై, కొంచెం జీడితోట చూసుకుంటున్నాడు. వాళ్ల బాప్టిస్టు చర్చిలో డీకన్, అంటే సంఘం పెద్దల్లో ఒకడు. ఆదివారం పాట ఎత్తుకునేది ఆయనే, అదీ కంజీర పట్టుకుని గంటల తరబడి నిలబడి. మూత్రానికి మాటిమాటికీ లేవాల్సి వస్తోందన్నాడు. వేలితో పరీక్షిస్తే ప్రోస్టేటు గ్రంథి మీద చిన్న గట్టి గింజ తగిలింది. ఇది మగవాళ్లకి మూత్రసంచి కింద ఉండే గ్రంథి. దాని తేడాలు పసిగట్టడానికి పిఎస్‌ఎ అనే రక్తపరీక్ష ఉంది. నమూనా విశాఖ పంపించాను. ఆరొచ్చింది. నాలుగు దాటితే ఆరా తీయాలి, ఆరైతే కంగారు పడనక్కర్లేదు.

అదే మాట చెప్పి, గ్రంథి ముక్క తీసి చూసే బయాప్సీ పరీక్ష విశాఖలో చేయించుకోవాలన్నాను. ఆయన వెళ్లి ఆటో ఎక్కాడు. ఆటోలో ఆయన బావ సామ్యేలు ఉన్నాడు. యోహాను భార్య మరియమ్మకి అన్న, పాత కిడ్నీ రోగి. ఎంతొచ్చిందని అడిగాడు. ఆరు అన్నాడు యోహాను. క్రియాటినిన్ ఆరంటే డయాలసిస్ వాకిట్లో నిలబడ్డట్టే. సామ్యేలు తన మధ్య చోటు ఖాళీ చేసి బావని కూర్చోబెట్టాడు. సాయంత్రానికి పాస్టరుగారు, సంఘమంతా యోహాను వాకిట్లో మోకాళ్ల మీద ఉన్నారు. మరియమ్మ కూరలో ఉప్పు తగ్గించి, పప్పు మానిపించి, కొబ్బరినీళ్లు బంద్ చేసేసింది. తాను చెబుతున్నది ఎవరూ వినడం లేదని యోహాను నాతో మొరపెట్టుకున్నాడు. చివరికి తనకే అనుమానం వచ్చి కాళ్లు వాచాయేమోనని చూసుకున్నాడట.

విశాఖలో బయాప్సీ అయింది. గ్రంథి నుంచి తీసిన ముక్కల్లో ఒక్కదానిలోనే, అదీ నెమ్మదిగా నడిచే రకం క్యాన్సర్ కనిపించింది. ఆ మాట చెప్పడానికి యోహానుని, మరియమ్మని, సామ్యేలుని ముగ్గుర్నీ కూర్చోబెట్టి, గొంతు సవరించుకుని, నర్సుని మంచినీళ్లు సిద్ధంగా పెట్టమని చెప్పాను. మరియమ్మ అంతా విని ఒకే ప్రశ్న వేసింది.

"అయితే కిడ్నీ కాదు గదా బాబూ?"

కాదన్నాను.

"మరింకేటి బయం?" అని లేచి కొంగు సర్దుకుంది. ఆ పూట ఆ ఇంట్లో పప్పు, ఉప్పు, కొబ్బరినీళ్లు అన్నీ తిరిగొచ్చాయి. నాకు జీడిపప్పు అందింది. క్యాన్సర్ అని చెప్పి మిఠాయిలాంటిది పుచ్చుకున్న డాక్టర్ని నేనొక్కడినే అయ్యుంటాను.

ఆపరేషన్ చేయవచ్చు గానీ ఆ రోజుల్లో దాని తర్వాత మూత్రం మీద అదుపు పోయే ప్రమాదం బాగానే ఉండేది. నిలబడి పాట ఎత్తుకునే మనిషికి అది చిన్న శిక్ష కాదు. అందుకని నేను, జబ్బుని కనిపెట్టి ఉంటూ అవసరమైతేనే వైద్యం చేసే యాక్టివ్ సర్వైలెన్స్ అనే పద్ధతి చెప్పాను. మూడు నెలలకోసారి పిఎస్‌ఎ, ఆరు నెలలకోసారి వేలి పరీక్ష, ఏడాదికి మళ్లీ బయాప్సీ, ఆపైన అవసరాన్ని బట్టి. జబ్బు నడక మార్చిన రోజునే పట్టుకుని వైద్యం చేయాలి. ఆ రోజు దాటిపోతే ఎముకల్లోకి పాకుతుంది, ఇక చేయగలిగింది తక్కువ. యోహాను వెంటనే సరేనన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం వచ్చింది.

అనుకున్నట్టే మూడు నెలలకి మనిషి పత్తా లేడు. కబురు పంపినా రాలేదు. సామ్యేలుని అడిగాను.

"మందు లేదు, కోత లేదు, మరి ఆస్పత్రికెందుకంతన్నాడు బాబూ. ఆటోలో అందరూ దొంగ ఆరని ఏడిపిత్తన్నారు, అదొకటి. నాకొగ్గెయ్యండి, నాను తెత్తాను," అన్నాడు.

మరుసటి నెల సామ్యేలు ఆటో దిగుతూ తూలిపడ్డాడు. కళ్లు తిరుగుతున్నాయి, చెయ్యి పట్టుకునే తోడు లేనిదే ఇక రాలేనని ఇంట్లో చెప్పాడు. తోడు ఎవరు? ఖాళీగా ఉన్న బావే. అలా యోహాను నెలనెలా డ్రైవర్ పక్కన కూర్చుని వచ్చేవాడు. వచ్చాడు కదా అని నేను మూడు నెలలకోసారి రక్తం తీయించేవాణ్ణి. సామ్యేలు నాకేసి చూసి కన్ను గీటేవాడు. అంకె ఆరు, ఆరున్నర, ఒకసారి ఆరులోపు. రెండోసారి బయాప్సీలోనూ మార్పు లేదు. చర్చిలో పాట ఆగలేదు.

సామ్యేలు అంకె మాత్రం ఆగలేదు. మధ్య సీటు ఆయనకి స్థిరమైపోయింది. డయాలసిస్‌కి అప్పుడు విశాఖ పోవలసిందే. కొన్నాళ్లు పోయి, ఇక పోలేక 2007లో కన్నుమూశాడు. నాకు చాలా బాధ కలిగింది. దాని వెనకే భయం కూడా. తోడు రావలసిన పని లేదు గనుక యోహాను ఇక రాడనే అనుకున్నాను.

గడువు ప్రకారం యోహాను వచ్చాడు. ఒక్కడే. ఎలా వచ్చావన్నట్టు చూశాను కాబోలు, తనే చెప్పాడు.

"ఆడికి కళ్లు తిరగడం అబద్దమని నాకు తెల్సు బాబూ. నాకోసమని ఆడు తూలేవోడు. నాను మానేత్తే ఆడూ ఆస్పత్రి మానేత్తాడని నాను వచ్చేవోణ్ణి. అలవాటైపోనాది."

ఈసారి అంకె పదకొండు వచ్చింది. మళ్లీ బయాప్సీ చేయిస్తే జబ్బు దూకుడు రకానికి మారింది, కానీ గ్రంథి దాటలేదు. మేం కాచుకుని కూర్చున్న రోజు అదే. విశాఖలో రేడియేషన్ ఇప్పించాం. అంకె తెలిసిన రోజు తిరుగు ప్రయాణంలో పదకొండు అనగానే ఆటోలో వాళ్లు అది కిడ్నీ అంకె కాదని తెలిసి కూడా మధ్య చోటు ఖాళీ చేశారట. యోహాను అందులో కూర్చోలేదు. అది సామ్యేలు చోటని చెప్పి డ్రైవర్ పక్కకే పోయాడట. వైద్యం ముగిశాక అంకె ఒకటి లోపుకి దిగింది. నేను రిటైరయ్యేనాటికి ఆయన ఇంకా పాట ఎత్తుకుంటూనే ఉన్నాడు.

తర్వాత కుర్ర డాక్టర్లకి ఈ పద్ధతి గురించి చెప్పేటప్పుడు ఏ పరీక్ష ఎప్పుడు చేయాలో అంతా చెప్పేవాణ్ణి. అవి పుస్తకాల్లో కూడా దొరుకుతాయి. రోగి సరేనన్నాక మాత్రం ఒకటి అడిగి తీరమనేవాణ్ణి: ఆటోలో మీ పక్కన ఎవరొస్తారు?